మొదటి గుక్క మల్లన్నది

దానియేలు నాలుక చచ్చిపోయి నలభై రోజులైంది. మనిషి మాత్రం బతికే ఉన్నాడు. మూడు పూటలా వండుతూనే ఉన్నాడు.

దోహాలో సముద్రం పక్కన ఒక తెల్లగోడల కాంపౌండ్. అందులో మూడో విల్లాలో ఉండే మార్సెల్ అనే ఫ్రెంచి ఇంజనీరుకు అతను వంటవాడు. రాజోలు వైపు మనిషి. అతను చేపల పులుసు పెడితే గోడ అవతలి పిల్లులు వరస కట్టి కూర్చునేవని రామాంజులు చెబుతాడు. రామాంజులు దొరగారి డ్రైవరు, రాయచోటి వాడు. అతను చెప్పేదాంట్లో సగం తీసేసినా మిగతా సగం ఇద్దరికి సరిపోతుంది కాబట్టి, పిల్లుల సంగతి నిజమేననుకోవచ్చు.

అలాంటి దానియేలుకు ఇప్పుడు ఉప్పూ పంచదారా ఒకటే. చింతపండు నాకినా చెక్క నాకినట్టే. వంటవాడికి నాలుక పోయిందంటే డ్రైవరుకు కళ్లు పోయినట్టు. ఆ మాట బయటికి పొక్కితే వీసా క్యాన్సిల్, టికెట్ చేతిలో. అందుకని గుట్టుగా రామాంజుల్ని వంటింట్లోకి పిలిచి గరిటె నోటికి పెట్టేవాడు.

"చూసి చెప్పరా, ఉప్పు సరిపోయిందా?"

"ఉప్పు సరిపాయె మామా. కారమే రోంత గూడా లేదు. ఏం కూడు ఇది, జొరమొచ్చినోళ్లకా?"

దానియేలు ఆ మాట నమ్మి దొరగారి ఉల్లిపాయ సూపులో గుప్పెడు గుంటూరు కారం వేశాడు. మార్సెల్ దొర రెండు గుటకలు మింగి, కుర్చీ పడిపోయిందని కూడా చూసుకోకుండా కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. అంతకు ముందు వారం పాయసం లాంటి తీపి పదార్థంలో ఉప్పు పడింది. "రెండు తప్పులయ్యాయి దానియేలూ," అన్నాడు దొర, నాలుక మీద మంచుముక్క పెట్టుకుని. "మూడోది జరిగితే నీకు టికెట్ కొంటాను."

ఇదొక్కటే అయితే దానియేలు డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు. ఇంకొకటి ఉంది. అతను ఏ ముద్ద నోట్లో పెట్టుకున్నా, సరిగ్గా ఎడమ చెవి వెనక "ట్టక్" మని ఒక చప్పుడు వినబడుతుంది. ఎవరో నాలుకను అంగిలికి తాటించి, రుచి బాగుందని లొట్టలేసిన చప్పుడు. తినేది తను, లొట్టలేసేది ఇంకెవరో. వెనక్కి తిరిగి చూస్తే ఫ్రిజ్ తప్ప ఎవరూ ఉండరు.

ఆ చప్పుడు ఎవరిదో దానియేలుకు తెలుసు. అది మల్లన్నది. మల్లన్న పోయింది నాలుక పోవడానికి కొద్ది రోజుల ముందే.

మల్లన్న కాంపౌండ్ తోటమాలి. జగిత్యాల దగ్గరి పల్లెలో ఇరవై ఏళ్లు నడుముకు మోకు కట్టుకుని తాళ్లెక్కి కల్లు గీసినవాడు. దోహాలో దిగిన రోజే రోడ్డు పొడవునా ఖర్జూరపు చెట్లు చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "గివన్ని మన ఈత చెట్టుకు మేనత్త బిడ్డలే గదర! ఊరంత చెట్లున్నయి, గీసేటోడు ఒక్కడు లేడు. ఏం దేశంరా బై!"

దొరగారింట్లో పార్టీ అయిన మర్నాడు పొద్దున, సీసాల అడుగున మిగిలిన బుడగల వైను ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చుని పంచుకునేవాళ్లు. దానియేలు దాన్ని షాంపేను అనేవాడు. కాదు, ఒక్క ప్రాంతంలో తయారైనదాన్నే అలా అనాలి, మిగతావి వేరే అని దొర పాఠం చెప్పాడు. అర్థమైంది సార్, ఆత్రేయపురం పూతరేకుల్లాగా అని దానియేలు అంటే దొరకు అర్థం కాలేదు.

మల్లన్నకు పేర్లతో పని లేదు. గ్లాసు ముందు చెవి దగ్గర పెట్టుకునేవాడు. బుడగలు చీమలు మాట్లాడుకున్నట్టు సన్నగా వినబడితే మంచిది, చింతగింజలు కురిసినట్టు వినబడితే గాలి కొట్టి నింపిన నాసిరకం. తర్వాత ఉంగరపు వేలు ముంచి పోయినవాళ్లకు సాకగా మూడు చుక్కలు నేలకు చిలకరించేవాడు. "మా అయ్యకు. మా తాతకు. చెట్టు మీదికెళ్లి జారిపడ్డోళ్లందరికి." ఆ తర్వాతే గుక్క. గుక్క తర్వాత, "ట్టక్!"

"మొన్నటిది పోతుతాడి, మగచెట్టు కల్లులెక్కున్నదిర. గిది పండుతాడి, ఆడచెట్టుది. తీపున్నది గానీ నడుము లేదు."

ఆ మాటల్నే దానియేలు దొరగారికి అప్పజెప్పేవాడు. మొన్నటి సీసాకు నడుముంది సార్, నిన్నటిదానికి లేదు. దొర ఆశ్చర్యపోయేవాడు. మొన్నటి సీసా వెల నిన్నటిదానికి మూడు రెట్లు మరి. "దానియేలూ, నీ నోట్లో ఉన్నది నాలుక కాదు, బంగారం" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ బంగారం తోటమాలిదని దానియేలు ఏనాడూ నోరు విప్పలేదు. మెచ్చుకోలు తనకు ఉంచుకున్నాడు.

ఒకనాడు మల్లన్న ఖాళీ గ్లాసు తిప్పుతూ, తోటలో ఖర్జూరపు చెట్టు వైపు చూసి అన్నాడు. "తమ్మీ, నేను ఈడ్నె సస్తే నాకింత సాక పొయ్యిర. కల్లు దొరకలేదని ఏడ్వకు. గీ బుడగలదైన మంచిదే. బొట్టు గాదు, ముంతెడు. గా ఖర్జూరం మొదట్ల."

"ఆయ్, నువ్వెక్కడికి పోతావన్నా! మమ్మల్నందర్నీ సాగనంపే కదా వెళ్తావు."

"మాటియ్యిర."

"ఇచ్చాను లేవయ్యా."

తొంభై ఏడు జూన్‌లో, మిట్టమధ్యాహ్నం, నీళ్ల పైపు చేతిలో పట్టుకునే మల్లన్న ఆ ఖర్జూరం మొదట్లో కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. పెట్టెలో విమానమెక్కి జగిత్యాల వెళ్లాడు. దానియేలు మాట మిగిలిపోయింది.

ఫ్రిజ్‌లో దొరగారి సీసా నిండుగా ఉంది. ముట్టుకుంటే దొంగతనం. పైగా శుక్రవారం ఆరాధనలో పాస్టరుగారు, చచ్చినవాళ్లకు అర్పణలు పోయడం తప్పని చెప్పి వారం కాలేదు. దానియేలు రెండు రోజులు ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టాడు. కోల్డ్ స్టోర్ అని పిలిచే వీధి కొట్టు నుంచి తెల్ల సోడా డబ్బా ఒకటి తెచ్చి చెట్టు మొదట్లో పోశాడు. నురగ వచ్చింది, బుడగలూ వచ్చాయి. ఇది కల్లు కాదు కాబట్టి పాస్టరుగారికి కోపం రాదు, బుడగలున్నాయి కాబట్టి మల్లన్నకు తేడా తెలియదు అనుకున్నాడు.

ఇరవై ఏళ్లు కల్లు గీసినవాడికి తేడా తెలియదట!

ఆ పూట అన్నంలోనే నాలుక పోయింది. ఆ వారమే ఖర్జూరం బోదె మీద మోకు రాసుకున్న చార ఒకటి కనబడింది, మోకాలెత్తున. మరుసటి వారం నడుమెత్తున. ఇప్పుడు తలెత్తి చూడాలి. మల్లన్న ఎక్కుతున్నాడు. ఎందుకెక్కుతున్నాడో, పైకి చేరాక ఏం చేస్తాడో తలచుకుంటే యాభై డిగ్రీల ఎండలో కూడా దానియేలుకు చలి వేసేది.

నలభయ్యో రోజు శుక్రవారం. పొద్దున పదకొండింటికి మార్సెల్ దొర వంటింట్లోకి వచ్చి చేతులు రుద్దుకున్నాడు.

"దానియేలూ, చెయ్యి కడుక్కుని రా. నీ నాలుకతో పని పడింది."

రాస్ లఫాన్ రేవులో దొర చూసే పని ముగిసింది. పై వారం పారిస్ నుంచి పెద్ద బాసు విందుకు వస్తున్నాడు. ఆ విందులో ఏ బుడగల వైను పొయ్యాలన్నది ప్రశ్న. పక్క విల్లా హారిస్ అనే ఇంగ్లీషు దొర, ఎక్కువ వెల పెట్టిందే మంచిదంటాడు. మార్సెల్ దొర, అది నాలుక తేల్చాలంటాడు. అందుకని ముప్పై రియాళ్ల సీసా దగ్గర్నుంచి నాలుగు వందల రియాళ్ల సీసా దాకా ఆరు రకాలు ముందు రోజు కొనుక్కొచ్చారు. హారిస్ వాటికి పాత పేపర్లు చుట్టి, అంకెలు వేసి హాల్లో బల్ల మీద నిలబెట్టాడు. తెల్ల పంచెలు కట్టుకుని వరసగా నిలబడ్డ పెళ్లికొడుకుల్లా ఉన్నాయి.

"మీ వంటవాడు చెప్పలేకపోతే?" అన్నాడు హారిస్.

"చెప్పలేకపోతే ఇన్నాళ్లూ నన్ను మోసం చేసినట్టే" అని నవ్వాడు మార్సెల్. ఆ నవ్వులో మూడో తప్పు కనబడింది దానియేలుకు.

గుమ్మం దగ్గర రామాంజులు నిలబడి ఉన్నాడు. దానియేలు అతని పక్కనుంచి వెళ్తూ గొణిగాడు. "అయిపోయానురా. నా నోట్లో ఏమీ తెలీదు."

"ఏం గాదులే మామా. అన్నిట్లో పుల్లంగా ఉండేది ఖరీదుది. పెద్దోళ్లు పుల్లంగనే తాగుతారు."

"నీ మాట విని సూపులో కారమేశాను. ఇంక చాలు."

దొర ఒకటో నంబరు పోశాడు. నురగ గ్లాసు అంచు దాకా ఎగిరి, అంతలోనే చతికిలబడింది. దానియేలు గుక్క తీసుకున్నాడు. నోట్లో సూదులు గుచ్చుకున్నాయి, అంతే. రుచీ లేదు, వాసనా లేదు. చెవి వెనక "ట్టక్" కూడా రాలేదు. దాని బదులు ఉమ్మేసిన చప్పుడు వినబడింది.

"థూ! నువ్వు నాకు పోసిన సోడకు గిది సొంత తమ్ముడు."

దొరలిద్దరూ అతని మొహమే చూస్తున్నారు. వాళ్లకేమీ వినబడలేదు. రామాంజులు చెవి గోక్కుంటున్నాడు, అంతే.

"అన్నా..." అన్నాడు దానియేలు పెదవి కదపకుండా.

"ఏందిర అన్న? సోడ పోస్తవుర నాకు? నలభై దినాలు ఆ చెట్టు మొదట్ల నాలిక ఎండవెట్టుకొని కూసున్న. గందుకే నీది గుంజుకున్న."

"తప్పయిపోయింది. ఇప్పుడు నా బతుకు నీ చేతిలో ఉంది. ఏది ఏమిటో చెప్పన్నా."

"ముందు నా బొట్లు నాకియ్యి."

దానియేలు ఉంగరపు వేలు గ్లాసులో ముంచి మూడు చుక్కలు చిలకరించాడు. హారిస్ కనుబొమలెత్తాడు. మార్సెల్ తన కార్పెట్ వైపు చూశాడు. నమ్మండి, నమ్మకపోండి, ఆ మూడు చుక్కలూ కార్పెట్‌ను తాకలేదు. మోకాలెత్తున గాల్లోనే మాయమయ్యాయి. కార్పెట్ మీద చెమ్మ కూడా లేదు.

రెండో నంబరు. బుడగలు ఆవగింజంత, దారం వదిలినట్టు నిలువుగా లేస్తున్నాయి.

"పెద్దింటి బిడ్డె గిది. మంచిగ పెరిగింది, మంచిగ సాదిండ్రు," అన్నాడు మల్లన్న, గొంతు తగ్గించి. "కానీ ఎండ కొట్టింది తమ్మీ. మాపటిదాక ఎండల పెట్టిన కల్లు లొట్టి లెక్క ఉడికిపోయింది. పాపం."

మూడోది తొందరపడి దించిన కల్లన్నాడు. ఐదోదానికి సీసా బరువు తప్ప ఏమీ లేదన్నాడు. ఆరోది పర్వాలేదు గానీ పొగరెక్కువన్నాడు. నాలుగోదాని వంతు వచ్చింది. దానియేలు గ్లాసు చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల చీమలు సన్నగా మాట్లాడుకుంటున్నాయి. ఆ చప్పుడు వెనకాల ఇంకో చప్పుడు, ఎవరో ముక్కు ఎగబీల్చినట్టు.

"పొద్దుగాల చెట్టు దిగినట్టున్నదిర," అన్నాడు మల్లన్న. "మా ఊరి మంచు, మా అయ్య చెయ్యి, రొట్టె కాలిన వాసన... ట్టక్!"

"ఏది అన్నిటికన్నా మంచిది?" అడిగాడు మార్సెల్.

"నాలుగోది సార్."

హారిస్ గబగబా పేపర్లు చింపాడు. నాలుగోది స్పెయిన్ దేశపు సీసా, డెబ్బై రియాళ్లు. నాలుగు వందల రియాళ్ల బంగారు కాగితం సీసా రెండో నంబరు! హారిస్ తొడ కొట్టి నవ్వాడు. "మీ బంగారు నాలుకకు తుప్పు పట్టింది మార్సెల్!"

మార్సెల్ నవ్వలేదు. అతని మొహంలో ఉల్లిపాయ సూపు నాటి ఎరుపు మళ్లీ కనబడింది. ఇప్పుడు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. జలుబు చేసిందనొచ్చు. దానియేలు నోరు తెరిచాడు, జలుబు అనబోయాడు. ఎడమ చెవి వెనక ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"సార్, ఇది నా నాలుక కాదండి," అన్నాడు. "మొదట్నుంచీ కాదండి. మీరు మెచ్చుకున్న ప్రతి మాటా తోటమాలి మల్లన్నది. నేను దొంగిలించి మీకు చెప్పాను. అతను సాక పొయ్యమన్నాడు, నేను సోడా పోశాను. అందుకే నా నాలుక పట్టుకుపోయాడు. నలభై రోజులుగా నాకు ఉప్పు కూడా తెలీదు. టికెట్ కొంటే కొనండి. కానీ రెండోది మాత్రం పెద్దింటి బిడ్డేనటండి. ఎండదెబ్బ తిందట. మల్లన్న చెప్పాడు."

మార్సెల్ మెల్లగా రెండో గ్లాసు తీసుకుని, వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, కళ్లు మూసుకున్నాడు. "ఉడికిపోయింది" అన్నాడు. హారిస్ కూడా తాగి చూశాడు. తొడ కొట్టిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నిన్న కార్లో ఆరు సీసాలూ ఐస్ పెట్టెలోనే కదా పెట్టమన్నాను?" దొర గుమ్మం వైపు చూశాడు.

రామాంజులు చేతులు కట్టుకున్నాడు. "పెట్టినా సార్. అయిదు పెట్టినా. ఆ పెట్టెలోనే మీ చేపలు గూడా ఉండె. ఇంత ఖరీదు సీసాకి చేపల కంపు ఎందుకులే అని, దాన్ని ముందు సీట్లో మర్యాదగా కూసోబెట్టినా. మీరు వెస్ట్ బే ఆఫీసులో రెండు గంటలుంటిరి. నేను గోడ నీడలో నిలబడితి. అది కార్లోనే ఉండె." ఒక్క క్షణం ఆగి, "బెల్ట్ గూడా పెట్టినా సార్" అన్నాడు.

మార్సెల్‌కు కోపం రావలసింది. వచ్చినట్టే వచ్చి, ముందు సీట్లో బెల్టు పెట్టుకుని ఎండలో ఉడుకుతున్న నాలుగు వందల రియాళ్ల సీసా కళ్ల ముందు కదిలి, దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి ఆగాడు. కార్పెట్ మీద వంగి మూడు చుక్కలు పడాల్సిన చోట అరచెయ్యి ఆనించి చూశాడు. పొడిగా ఉంది. చెయ్యి తీసేసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అతను ఎక్కడున్నాడు?" అని నెమ్మదిగా అడిగాడు.

దానియేలు కిటికీలోంచి ఖర్జూరం చూపించాడు.

ఉన్నవాటిలోకెల్లా పెద్ద గ్లాసు తీసి నాలుగో నంబరుతో అంచు దాకా నింపి దొరే దానియేలు చేతికిచ్చాడు. నలుగురూ బయటికి నడిచారు. మిట్టమధ్యాహ్నం. నీడ అన్నది చెట్టు పాదాల కింద దాక్కుంది. బోదె మీద మోకు చార మట్టల మొదలు దాకా పోయింది. పైన మట్టలు గాలి లేకుండానే కదులుతున్నాయి.

దానియేలు మోకాళ్ల మీద కూర్చుని గ్లాసు వంచాడు. పాస్టరుగారు గుర్తొచ్చారు. మాటిచ్చాను కదండీ అని మనసులోనే చెప్పుకున్నాడు. నురగ ఇసుకలోకి ఇంకింది. నాలుగు బుడగలు నేల మీద నిలబడి, ఒక్కొక్కటే పగిలాయి.

"ట్టక్!"

ఈసారి ఆ చప్పుడు నలుగురికీ వినబడింది. హారిస్ టోపీ లేని తల మీంచి టోపీ తీయబోయాడు. రామాంజులు చెప్పులు విడిచాడు, కాళ్లు కాలి మళ్లీ తొడుక్కున్నాడు. పైనుంచి ఒక పండు ఖర్జూరం రాలి దానియేలు ఒళ్లో పడింది.

దానియేలు అది నోట్లో వేసుకుని కొరికాడు. చెక్క. ఏ రుచీ లేదు. ఏడుపు ఆపుకుంటూ రెండోసారి నమిలాడు. అప్పుడు తెలిసింది తీపి. ముందు నాలుక కొసన, తర్వాత దవడల్లో, తర్వాత కళ్లలో.

టికెట్ కొనలేదు. పై వారం విందులో పెద్ద బాసుకు డెబ్బై రియాళ్ల సీసాయే పోశారు. అతను నాలుగు గ్లాసులు తాగి, ఇది నాలుగు వందలు పెట్టి కొన్నారా అని అడిగాడట.

విందు రోజు సాయంత్రం రామాంజులు వంటింట్లోకి తొంగి చూసేసరికి, దానియేలు సూపు గరిటె నోటికి అందించుకుని, మింగి, కదలకుండా నిలబడి ఉన్నాడు.

"ఏం మామా, ఉప్పు సరిపాయెనా?"

"ఆగరా. మొదటి గుక్క నాది కాదు."

ఎడమ చెవి వెనక "ట్టక్" మంది. దానియేలు మళ్లీ గరిటె ముంచాడు.

"చిటికెడు తగ్గింది," అన్నాడు, ఉప్పు డబ్బా మూత తీస్తూ.